రాజు దూకితే చాయ్

నవంబర్ 3, ఆదివారం

ఇవాళ కట్టన్న ఎత్తు వేయకుండానే గడియారం నొక్కాడు.

ఎదురుగా కూర్చున్నది తేజస్వి. మా చెస్ క్లబ్బుకి మొదటి బల్ల, అందరికంటే గట్టి ఆట, ఆ పిల్లదే, బ్యాంకులో ఉద్యోగం. గడియారం నొక్కి ఆయన చేతులు కట్టుకుని కూర్చుంటే, ఎత్తు వెయ్యలేదు తాతా అని మెల్లగా చెప్పింది. కట్టన్న నవ్వాడు. నేనేసిన ఎత్తు నీకు కనవడుత లేదా బిడ్డా, గంత లోతైన ఎత్తది అన్నాడు. అందరం నవ్వాం. మొగిలి అయితే బల్ల చరిచి మరీ నవ్వాడు, పక్క ఆటలో గుర్రం పడిపోయింది.

ఇంటికొచ్చాక నాకు నవ్వు రాలేదు.

మా క్లబ్బంటే వరంగల్ కాశిబుగ్గలో నేతగాళ్ల సొసైటీ గోడౌన్ మీద ఒక గది. కింద జంపకానాల కట్టలు, పైన మేము. ఆదివారం పొద్దున గది తీస్తే మొదట నూలు వాసన, తర్వాత ఎలుకల వాసన, ఆ తర్వాత ఆట. మొదటిసారి చెస్ గడియారం కొన్నప్పుడు, రెండు ముఖాలు, ఒకటి నడిస్తే రెండోది ఆగుతుంది, దాన్ని చూసి కట్టన్న ఇద్దరు పెండ్లాల మొగని లెక్కున్నదిర ఇది అన్నాడు. ఆ గడియారాన్ని అందరికంటే ముందు మచ్చిక చేసుకున్నది కూడా ఆయనే. ఎత్తు వేసిన చేత్తోనే నొక్కాలి, ఎత్తు వేశాకే నొక్కాలి అని మాకందరికీ నేర్పాడు.

అలాంటి మనిషి.

నవంబర్ 10, ఆదివారం

వచ్చే నెల జిల్లా టీమ్ టోర్నమెంటు. హన్మకొండలో రెండు రోజులు, నాలుగేసి బల్లల జట్లు, బల్లకో ఆటగాడు. నేను కెప్టెన్ని. కెప్టెన్ అంటే ఎంట్రీ ఫారం నింపేవాడు, మంచినీళ్ల బాటిళ్లు మోసేవాడు, నాలుగో బల్ల మీద అందరికంటే ముందు ఓడిపోయేవాడు. మూడు పనులూ బాగానే చేస్తానని పేరుంది.

నా చదువు ఆరో తరగతి దగ్గర ఆగింది. మిగిలినదంతా రంగు డబ్బాల మీద చదువుకున్నాను. కాశిబుగ్గలో నాకు రంగుల దుకాణం ఉండేది. నేను సొంతంగా కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లిష్ ముక్క కీప్ అవే ఫ్రం చిల్డ్రన్. చాలాకాలం అది కంపెనీ పేరనుకున్నాను. మంచి కంపెనీ, అన్ని డబ్బాల మీదా ఉందే అని ఒక సేట్‌తో అన్నాను కూడా. ఆయన పాపం నవ్వలేదు. ఆయనకీ తెలియదు.

ఆ దుకాణానికే కట్టన్న రంగుకి వచ్చేవాడు. జంపకానాలు నేసేవాళ్లలో ఆయన మగ్గం పేరున్న మగ్గం. రంగు తూచేలోపు ఊరికే కూర్చోవడం ఆయనకి చేతకాదు. సంచీలోంచి ఒక గుడ్డ తీసి గల్లాపెట్టె మీద పరిచేవాడు. తానే నేసిన బల్ల అది. గడులన్నీ ఒకటే ఎరుపు, మధ్యలో పసుపు గీతలు. నలుపూ తెలుపూ గడులు మాకప్పటికి తెలియవు. ఆ గుడ్డ మీదే నాకు ఆట నేర్పాడు. పాత ఆట, మన తాతలాడిన ఆట. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజుకి ఒక వరం ఉంటుంది. ఆట మొత్తంలో ఒక్కసారి రాజు గుర్రంలాగా దూకొచ్చు. అయితే అప్పటిదాకా అతనికి ఒక్క కిష్తు కూడా పడి ఉండకూడదు. ఇప్పటివాళ్లు చెక్ అంటారే, అదే కిష్తు. పడిందా, వరం పోయినట్టే.

తర్వాత క్లబ్బు పెట్టాం, అసోసియేషన్లో చేరాం, రూల్స్ పుస్తకం వచ్చింది. రాజు దూకకూడదట. అలవాటైన చెయ్యి ఊరుకుంటుందా. వారం వారం ఎవరిదో ఒకరి రాజు దూకేవాడు. దానికి కట్టన్నే శిక్ష పెట్టాడు. రాజు దూకితే ఆ రోజు అందరికీ చాయ్ వాడిదే. ఆ శిక్ష కింద నేను పోయించిన చాయ్‌కి ఒక చెరువు నిండుతుంది. కట్టన్న మాత్రం ఒక్కనాడూ పోయించలేదు. పాతది ఎంత త్వరగా నేర్చుకున్నాడో అంత త్వరగా వదిలేశాడు. అది అందరికీ రాదు. నేను ఇప్పటికీ కలలో పాత ఆటే ఆడతాను.

నవంబర్ 14, గురువారం

మొగిలి ఆటో ఇంటి ముందు ఆగింది. వెనక సీట్లో కట్టన్న, ఒళ్లో ఖాళీ సంచీ.

మొగిలి మా మూడో బల్ల. ఆటో నడుపుతాడు. నోరు కూడా ఆటో లాంటిదే, సైలెన్సర్ లేదు. ఇవాళ మాత్రం నన్ను పక్కకి పిలిచి గొంతు తగ్గించి చెప్పాడు. ఖిలా వరంగల్ కాడ గిరాకిని దించి మర్లుతాంటే తోరణం కింద రాయి మీద కూసున్నడు కాకా, యాడికి పెద్దమనిషీ అంటే సదానందం దుకాణానికి రంగుకు పోతాన అంటాండు, అన్నాడు.

నా దుకాణం మూసి చాలా ఏళ్లయింది. అక్కడిప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. అదీగాక అది కట్టన్న ఇంటికి కేకేస్తే వినపడేంత దూరం. ఖిలాకీ దానికీ పొంతన లేదు.

కట్టన్న ఆటో దిగి నన్ను చూసి, ఎర్ర రంగున్నదా సదా అన్నాడు. అయిపోయిందన్నా, వచ్చే వారం వస్తది అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. సరే అని సంచీ జాగ్రత్తగా మడత పెట్టుకున్నాడు.

నవంబర్ 19, మంగళవారం

వినోద వచ్చింది. కట్టన్న కూతురు, అంగన్‌వాడీ టీచరు. తల్లి పోయాక తండ్రిని తన దగ్గరే పెట్టుకుంది. చేతిలో స్కానింగ్ కవరు. మా ఆవిడ చిలుకమ్మ మంచినీళ్లిస్తే తాగకుండా గ్లాసు పట్టుకునే కూర్చుంది.

దవాఖానలో చెప్పారట. మతిమరుపు రోగం. గోళీలిచ్చారు. గోళీలు జబ్బుని ఆపవట, కాస్త నెమ్మదిగా నడిపిస్తాయట. ఆ కవరు తీసుకుని తలకిందులుగా పట్టుకుని చూశాను. చిలుకమ్మ నా వంక వింతగా చూసింది.

ఇక ఆటకి రాడేమో అని నేను అనుకుంటుంటే, వినోద అడిగింది వేరు. టోర్నమెంటుకు నాయిన పేరు తియ్యకు కాకా, అంది. ఇంట్ల నీళ్ల బిందె యాడుందో యాదికుంటలేదు, నన్ను ఒకపారి వినోద అంటడు, ఒకపారి అమ్మ పేరు పెట్టి పిలుస్తడు, గని ఆ బల్ల ముంగట కూసుంటే మల్ల మా నాయిననే కూసుంటాండు, అంది. ఈ ఒక్కసారి ఆడనియ్యి, మంచిగ ఆడి లేస్తే ఇగ నేనే బంద్ చేపిస్త, అంది. ఎవ్వలకు తెల్వనియ్యకు కాకా, నలుగుట్ల నవ్వులపాలైతే ఆయన తట్టుకోడు.

సరే అన్నాను. సరే అనడం తప్ప ఇంకో మాట ఏదైనా ఉందా.

వెళ్లిపోయాక చూస్తే గ్లాసు నిండుగా అలాగే ఉంది.

నవంబర్ 24, ఆదివారం

ఎవరికీ తెలియనివ్వకూడదు అనుకున్నాను. అందరికీ తెలుసు.

తేజస్వి వారం వారం ఆయనతో ఆడుతుంది కదా. మొదలుపెట్టడం ఎప్పటిలాగే ఉంటుంది తాతా, మధ్యాట కూడా నాకంటే బాగా చూస్తాడు, చివరికొచ్చేసరికి ఎక్కడికో పోతాడు, కళ్లు బల్ల మీదే ఉంటాయి గానీ ఆయన ఉండడు, అని చెప్పింది. చెబుతూ తన బ్యాగు జిప్పు లాగుతూ వదులుతూ ఉంది.

మొగిలి ఊరుకుంటాడా. రెండో బల్ల మీద ఇంకోన్ని పెట్టుండ్రి, పెద్దమనిషిని ఇజ్జతుగ ఇంట్ల కూసోవెట్టుండ్రి అన్నాడు. ఇంకోడు ఎవడున్నాడు అని అడిగాను. ఆలోచించాడు. మాది నలుగురి క్లబ్బు. ఐదోవాడు ఉండేవాడు, మొన్న మార్చిలో ములుగు పోయి అక్కడే కోళ్ల ఫారం పెట్టుకున్నాడు. సరేతీ, ఎట్లన్న మనది ఆఖరి నంబరే గద కాకా, కట్టయ్యతోని ఓడిపోతే ఏంబోతది అన్నాడు మొగిలి.

వాడి నోట్లోంచి వచ్చిన మంచిమాటలు ఇలాగే ఉంటాయి.

ఫారం మీద రెండో బల్ల ఎదురుగా కట్టన్న పేరు రాశాను.

డిసెంబర్ 1, ఆదివారం

కట్టన్న నన్ను చిత్తుగా ఓడించాడు. ఓడిపోవడం ఇంత హాయిగా ఎప్పుడూ లేదు.

డిసెంబర్ 8, ఆదివారం

టోర్నమెంటుకి ముందు ఆఖరి ఆదివారం. మొగిలితో ఆడుతూ ఆడుతూ కట్టన్న రాజుని ఎత్తి గుర్రంలా దూకించాడు.

చాయ్ చాయ్ అని అరవాల్సిన మొగిలి బల్ల వంకే చూస్తున్నాడు. తేజస్వి కిటికీలోంచి బయటికి చూస్తోంది. కట్టన్న మా ముఖాలు చూసి, ఏమైందిర, ఎవలన్న సచ్చిండ్రా అన్నాడు.

నేను కిందికెళ్లి చాయ్ తెచ్చాను. ఏం సంగతి అంటే, నా మనవరాలికి ఉద్యోగం వచ్చిందని చెప్పాను. నాకు మనవరాళ్లు లేరు. కట్టన్న సంతోషించి రెండు గుక్కల్లో తాగేశాడు. మొగిలి ఎత్తు వేశాడు, రాజు ఆ దూకిన గడిలోనే ఉన్నట్టుగా. ఆట చివరిదాకా అలాగే ఆడి, కావాలని ఓడిపోయాడు. పడుకోగానే నిద్ర పట్టే మనిషి అని వాడికి పేరు. ఇవాళ పట్టదు.

డిసెంబర్ 10, మంగళవారం

రూల్స్ పుస్తకం మళ్లీ చదివాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని.

ఒక తప్పు ఎత్తు వేస్తే ఎదుటివాడి గడియారానికి అదనపు సమయం కలుపుతారు. ముట్టుకున్న పావునే మళ్లీ సరిగా ఆడాలి. అదే ఆటలో రెండో తప్పు ఎత్తు వేస్తే ఆట పోయినట్టే. పిలిచి మాట్లాడటం, నచ్చజెప్పడం ఉండవు. రాజు దూకడం తప్పు ఎత్తు.

కెప్టెన్ గురించి కూడా ఉంది. ఆట నడుస్తుండగా కెప్టెన్ తన ఆటగాడికి బల్ల మీది సంగతి ఒక్క ముక్క చెప్పకూడదు. డ్రా అడుగు, డ్రా ఒప్పుకో, ఆట వదిలెయ్. అంతే, ఈ మాటలే అనాలి. జీవితమంతా వాగుతూ బతికిన నాకు ఈ మూడు ముక్కలు మిగిలాయి. అయినా అవి చాలు అనిపించింది. ఆట చివరికి వెళ్లకముందే డ్రా చేయిస్తాను. ఆయన ఎక్కడికో పోయేలోపే లేపేస్తాను.

కట్టన్న ఇంటికెళ్లి చెప్పాను. ఈసారి మనకి డ్రాలు కావాలన్నా, కెప్టెన్ చెప్పినప్పుడు ఒప్పుకో అన్నాను. నువ్వెట్లంటె గట్ల కెప్టెన్ సాబ్ అని సెల్యూట్ కొట్టాడు. వినోద తలుపు దగ్గర నిలబడి విన్నది.

చిలుకమ్మ అడిగింది, మీరిద్దరు కలిసి గెలిచేది లేదు, సచ్చేది లేదు, ఈ ఉరుకులాటేంది అని. అన్నం పెట్టమన్నాను.

డిసెంబర్ 14, శనివారం

రాయకుండా చెయ్యి ఊరుకోవట్లేదు.

హన్మకొండలో ఒక స్కూలు హాలు. పొడుగాటి బల్లలు, తెల్ల గుడ్డలు, ఏసీ లేదు, ఫ్యాన్లు తిరిగితే స్కోరు కాగితాలు ఎగురుతున్నాయి. చీఫ్ ఆర్బిటర్, అంటే తీర్పు చెప్పేది, హారిక అనే అమ్మాయి. సన్నగా ఉంటుంది, మాట మాత్రం పోలీసు మాట. సెల్‌ఫోన్ మోగితే ఆట పోతుందని ఆమె చెప్పేసరికి పెద్దపెద్ద లాయర్లు జేబులు తడుముకున్నారు.

మూడు రౌండ్లు. కట్టన్న మొదటి దాంట్లో డ్రా. నేను బల్ల దగ్గరికెళ్లి డ్రా అడుగన్నా అన్నాను, అడిగాడు, అవతలివాడు బతుకుజీవుడా అని ఒప్పుకున్నాడు. రెండో దాంట్లో కూడా అంతే. మూడో దాంట్లో నేను చెప్పేలోపే గెలిచేశాడు. ఎదుటివాడు కాలేజీ కుర్రాడు, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఏ పుస్తకంల ఉన్నది సార్ ఇది అని అడిగాడట. గుడ్డ మీదున్నది అన్నాడట కట్టన్న.

తేజస్వి ఓడలేదు. మొగిలి ఒకటి ఓడి రెండు గెలిచాడు. నేను నా మర్యాద ప్రకారం అన్నీ ఓడిపోయాను. అయినా సాయంత్రానికి బోర్డు మీద చూస్తే మా జట్టు రెండో స్థానంలో ఉంది. ఇన్నేళ్లలో మాకొచ్చిన ప్రైజు ఒకటే, కన్సొలేషన్ కింద ఇచ్చిన గోడ గడియారం. అది తెచ్చిన రోజే ఆగిపోయింది.

రేపు ఒక్క రౌండే. డ్రా చేసుకున్నా రెండో కప్పు మాదే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. కట్టన్న నా చెవిలో, మనం ఏ ఊరికెళ్లి వత్తానం సదా అని అడిగాడు. హన్మకొండ అన్నాను. మంచి ఊరు అన్నాడు.

డిసెంబర్ 15, ఆదివారం, పొద్దున

ఆశ పుట్టింది. అదే భయంగా ఉంది.

డిసెంబర్ 15, ఆదివారం, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి నేను దీన్ని మార్చి చెప్పుకుంటానని నాకు తెలుసు.

ఎదుటి జట్టు హన్మకొండ క్లబ్బు. కట్టన్నకి ఎదురుగా రాజేశ్వర్ రావు గారు, రిటైరైన ఇంజనీరు, ఇస్త్రీ మడత నలగని చొక్కా, మా వయసే. కూర్చోబోతూ కట్టన్నకి నమస్కారం పెట్టి, మీ ఆట ఎప్పటినుంచో చూస్తున్నానండి అన్నాడట.

నేను నా ఓటమిని త్వరగా ముగించుకుని లేచాను. తేజస్వి గెలిచింది. మొగిలి డ్రా. లెక్క సమానం. మిగిలింది రెండో బల్ల. ఆ బల్ల చుట్టూ అప్పటికే జనం.

చూశాను. కట్టన్న ఆట కట్టన్న ఆటలాగే ఉంది. ఒక బంటు ఎక్కువ, అది పరుగు మీదుంది. రాజేశ్వర్ రావు గారు తువ్వాలుతో మెడ తుడుచుకుని డ్రా అడిగాడు. కట్టన్న చెయ్యెత్తి హారికను పిలిచి, మా కెప్టెన్‌ని అడగాలె బిడ్డా అన్నాడు. ఎంత పద్ధతిగా అన్నాడో. నేను వెళ్లాను. హారిక పక్కనే నిలబడింది. డ్రా ఒప్పుకో అన్నా, అన్నాను.

కట్టన్న తలెత్తి నన్ను చూశాడు. గెల్సే ఆట ఇడ్సిపెట్టుమంటవా, గిదేనా నేను నీకు నేర్పింది అన్నాడు.

ఆ కళ్లు పాత కట్టన్న కళ్లు. మతి తప్పిన మాట కాదది, ఆట తెలిసినవాడెవడైనా అనే మాట. నిజంగానే అది గెలిచే ఆట. మళ్లీ చెప్పాను, ఒప్పుకో అని. ఒప్పుకోనన్నాడు. హారిక నన్ను వెనక్కి జరగమంది. జరిగాను. దాచుకోకుండా రాస్తున్నాను, ఆ నిమిషంలో నాకు సంతోషమే అనిపించింది. మా అన్న నా మాట కొట్టేశాడు, అంటే మా అన్న ఉన్నాడు.

కాసేపటికి రాజేశ్వర్ రావు గారి గుర్రం కట్టన్న రాజు వైపు తిరిగింది. ఇంకో ఎత్తులో కిష్తు. ఏం కాదు, పడితే పక్కకి జరిగితే సరిపోతుంది. అప్పటిదాకా ఆ ఆటలో కట్టన్న రాజుకి ఒక్క కిష్తు కూడా పడలేదు. నాకప్పుడే తట్టింది. కిష్తు పడితే పాత ఆటలో వరం పోతుంది కదా. కట్టన్న చెయ్యి రాజు మీదికెళ్లింది. రాజు గుర్రంలా దూకాడు. గడియారం నొక్కాడు. ఎత్తు కాగితం మీద రాసుకున్నాడు.

రాజేశ్వర్ రావు గారు చాలాసేపు బల్లనే చూశాడు. తర్వాత చెయ్యి గడియారం మీదికి పోయి ఆపింది. హారిక వచ్చింది. తప్పు ఎత్తు, అవతలివాళ్లకి అదనపు సమయం, మీరు రాజునే ఆడాలి సార్ అని చెప్పింది. కట్టన్న తలూపాడు. తప్పైంది బిడ్డా అన్నాడు. రాజుని వెనక్కి పెట్టి, పక్క గడిలోకి జరిపాడు. ఆట ఇంకా ఆయనదే. బంటు ఇంకో రెండు అడుగులు వేస్తే వజీరు, అంటే మంత్రి, అయిపోతుంది.

ఒక అడుగు వేసింది. రెండోది మిగిలింది. మళ్లీ గుర్రం తిరిగింది. కట్టన్న బంటుని చూశాడు, గుర్రాన్ని చూశాడు. బంటు వేస్తే గెలిచినట్టే. మొగిలి నా మోచెయ్యి పట్టుకున్నాడు, గోళ్లు దిగాయి. నోరు తెరవకూడదు. ఆట వదిలెయ్, డ్రా అడుగు, ఈ మాటలే నావి. డ్రా అడుగన్నా అని అరిచాననే అనుకున్నాను. ఎవరూ వినలేదన్నారు తర్వాత. గొంతు రాలేదేమో.

రాజు దూకాడు.

రాజేశ్వర్ రావు గారు గడియారం ఆపలేదు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆపింది హారిక. కట్టన్న ఆమెకి ఓపిగ్గా చెప్పాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు. రాజుకు ఇంక కిష్తు పడలే గద బిడ్డా, ఒక్క దుంకుడుంటది, ఇందాక మీరు వద్దంటిరి, గందుకే అది లెక్కల్కి రాదు, నాది ఇంక మిగిలే ఉన్నది, అన్నాడు. ఎంత సబబుగా ఉంది ఆ మాట. పాత ఆటలో ఏ పెద్దమనిషీ కాదనలేడు. రాజేశ్వర్ రావు గారు, నాకేం అభ్యంతరం లేదమ్మా, ఆడనివ్వండి అన్నాడు. హారిక పెన్ను మూత తీసింది, పెట్టింది, తీసింది. మీ అభ్యంతరం కాదు సార్, నేను చూశాను, అంది. పోలీసు గొంతు కాదది.

కాగితం మీద సున్నా వేసింది.

కట్టన్న లేచి రాజేశ్వర్ రావు గారికి చెయ్యిచ్చాడు. మంచిగ ఆడినవ్ అని భుజం తట్టాడు. గెలిచిన వాళ్లు తట్టినట్టు. వెనక ఎవడో కిసుక్కున నవ్వాడు. మొగిలి వాడి వైపు తిరిగి చూసిన చూపుకి నవ్వు ఆగింది.

తలుపు దగ్గర వినోద, చేతిలో టిఫిన్ బాక్సు. అందరికి తెల్సింది గద కాకా, అంది. అంతే అంది. తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

డిసెంబర్ 16, సోమవారం

ఆయనకి తెలియదు. గెలిచాననే అనుకుంటున్నాడు. అదొక్కటే దిక్కు.

డిసెంబర్ 22, ఆదివారం

గది తీయకూడదనుకున్నాను. కాళ్లు తీసుకెళ్లాయి. తేజస్వి, మొగిలి అప్పటికే మెట్ల మీద కూర్చుని ఉన్నారు. లోపలికెళ్లి బల్లలు వేశాం, పావులు పెట్టాం, ఎవరం ఆడలేదు.

కట్టన్న వచ్చాడు. ఉతికిన ధోవతి, తల దువ్వుకున్నాడు. వినోద కింద దాకా తోడొచ్చి వెళ్లినట్టుంది. గుమ్మంలో నిలబడి మమ్మల్ని ఒకసారి చూసి, కూర్చోకుండా మళ్లీ కిందికి దిగిపోయాడు. దారి తప్పుతాడేమో అని నేను లేచి వెనకే వెళ్లబోయాను. మెట్ల మలుపులో ఎదురొచ్చాడు. చేతిలో హోటల్ వాళ్ల తీగబుట్ట, అందులో చాయ్ గ్లాసులు. మెట్ల మీద కొంత ఒలికింది. నేను పట్టుకోబోతే ఇవ్వలేదు.

ఒక్కొక్కరి ముందు ఒక్కో గ్లాసు తానే పెట్టాడు. మొగిలి నోరు ఊరుకోదు కదా, ఏంది పెద్దమనిషీ ఇయ్యాల దావతా అన్నాడు.

రాజు దూకిండు గద, అన్నాడు కట్టన్న.

తర్వాత జేబులోంచి బిస్కెట్ పాకెట్లు తీసి బల్ల మీద పెట్టాడు. రెండుమాట్ల దూకిండు, గందుకని ఇవి గూడ, అన్నాడు.

తేజస్వి లేచి బయటికెళ్లింది. మొగిలి చాయ్ తాగాడు. వేడికి నోరు కాలి ఉంటుంది, కళ్లు తుడుచుకున్నాడు. నేను కూడా తాగాను. అంత చేదు చాయ్ నేనెరగను, గ్లాసు అడుగున చక్కెర గడ్డ కట్టి ఉన్నా సరే.

అంటే తెలుసు. ఆ రోజే తెలుసో, తర్వాత ఏ తెల్లారుఝామునో పొగమంచు విడిచినట్టు విడిచి కనిపించిందో. గెలిచాననుకుంటున్నాడు పాపం అని వారమంతా నన్ను నేను జోకొట్టుకున్నాను. తనని తాను మరిచిపోయే జబ్బు వచ్చినవాడికి కనీసం పరువు పోయిన సంగతైనా మరుపున పడాలి కదా. అది మాత్రం యాదికుంది. ఆ జబ్బుకి ఏది మింగాలో ఏది వదలాలో తెలియదు.

మెట్లు దిగేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు. వచ్చే యేడు నా పేరు వెట్టకు సదా, అన్నాడు. సరే అన్నా, అన్నాను. ఈ సంవత్సరం అన్నిటికీ నేను సరే అనడమే.

జనవరి 5, ఆదివారం

కట్టన్న రాలేదు. మొగిలి ఆటో వేసుకుని ఇంటికెళ్లి పిలిచాడట. ఏ ఆట అని అడిగాడట.

తేజస్విని వేరే జట్టువాళ్లు పిలుస్తున్నారు. వెళ్లమన్నాను. వెళ్లనంది. వెళ్తుంది. వెళ్లాలి కూడా.

జనవరి 19, ఆదివారం

గది తాళం సొసైటీ వాళ్లకి ఇచ్చేశాను. నూలు కట్టలు పెట్టుకుంటామన్నారు. గోడ గడియారం కూడా అక్కడే వదిలేశాను. ఆగిందే కదా.

కట్టన్న ఇంటికి వెళ్లాను. ఎండలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను ఎవరో అనుకుని, నూలు ధర ఎట్లున్నదని అడిగాడు. పెరిగింది అన్నాను. వినోద లోపలి నుంచి ఆ ఎర్ర గుడ్డ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. పసుపు గీతల మీద వేలు నడిపిస్తూ కూర్చున్నాడు. పావులు తీయలేదు. పొద్దు పోయేదాకా నూలు ధర గురించే మాట్లాడుకున్నాం.

చిలుకమ్మ, రేపు కూడా పోతవా అంది. పోతానన్నాను. పో, అంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఎవలు కొడుకా నువ్వు, అని అడిగాడు. పేరు చెప్పాను. ఆట వచ్చా, అని అడిగాడు.

రాదన్నాను.

గుడ్డ పరిచాడు. బంటు ఒక్క గడే నడుస్తుందట. రాజు ఒక్కసారి గుర్రంలా దూకుతాడట. కిష్తు పడకముందే దూకాలట.